పైసా ఖర్చు లేకుండా జెనెటిక్స్: ఫోన్‌లోనే చదివించే చిట్కాలు

ఇంట్లో బైపీసీ పిల్లలున్నారంటే చాలు, జెనెటిక్స్ పాఠం దగ్గరికొచ్చేసరికి ఫలానా కోచింగ్ యాప్ కొనిపెట్టమని పేచీ మొదలవుతుంది. కాస్త ఆగండి. ఇంటర్ నుంచి ఎమ్మెస్సీ దాకా ఈ సబ్జెక్టుకు కావలసిన సరుకంతా ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది. ఎక్కడుందో, ఏది ముందు చూడాలో తెలియకే మన డబ్బులు పోతున్నాయి. మా పెద్దమ్మాయి డిగ్రీలో జెనెటిక్స్ గ్రూపే తీసుకుంది, చిన్నవాడు నీట్ రాశాడు. ఇద్దరి పక్కనా కూర్చుని వాడి చూసి, పనికొచ్చినవే ఇక్కడ చెబుతున్నాను. సైట్ల పేర్లు తెలుగులో రాశాను, గూగుల్‌లో ఇంగ్లిష్‌లో కొట్టుకోండి.

1. అన్నిటికంటే ముందు ఎన్‌సీఈఆర్‌టీ సైటు నుంచి పన్నెండో తరగతి బయాలజీలో 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఇన్‌హెరిటెన్స్', 'మాలిక్యులర్ బేసిస్ ఆఫ్ ఇన్‌హెరిటెన్స్' పాఠాల పీడీఎఫ్‌లు దింపుకోండి. నీట్‌కి ఇవే పునాది, పుస్తకం కొనే పనే లేదు.

2. వాట్సాప్‌లో తిరిగే పాత పీడీఎఫ్‌లతో జాగ్రత్త. సిలబస్ తగ్గించాక ఈ పాఠాలు 5, 6 నుంచి 4, 5కి మారాయి, కాబట్టి నంబరు చూసి కాకుండా పేరు చూసి చదవమనండి.

3. పదో తరగతి పిల్లలైతే పాఠ్యపుస్తకంలో అనువంశికత పాఠం దగ్గరున్న క్యూఆర్ కోడ్‌ని దీక్ష యాప్‌తో స్కాన్ చేయించండి. వీడియో కోసం యూట్యూబ్‌లో వెతుకుతూ పక్కదారి పట్టే సమయం మిగులుతుంది.

4. తెలంగాణ వాళ్లు టీ-శాట్ విద్య ఛానెల్ పాఠాలు యూట్యూబ్‌లో చూసుకోవచ్చు. మన లెక్చరర్లే చెబుతారు, యాస కూడా మనదే కనుక పిల్లలు బెదరరు.

5. తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి ఇంగ్లిష్ మీడియంలో చేరేవాళ్ల కోసం ఒక నోట్‌బుక్ పేజీని రెండుగా గీయండి. ఎడమవైపు తెలుగు అకాడమీ పుస్తకంలో మాట, కుడివైపు ఇంగ్లిష్ మాట: బహిర్గతం - డామినెంట్, అంతర్గతం - రెసెసివ్, దృశ్యరూపం - ఫీనోటైప్, జన్యురూపం - జీనోటైప్. సెలవుల్లో ఈ పని పూర్తయితే మొదటి సెమిస్టర్‌లో సగం భయం పోతుంది.

6. ఆ మాటలు పలకడం రాకపోతే అమెరికా జాతీయ జీనోమ్ పరిశోధన సంస్థ వాళ్ల 'టాకింగ్ గ్లాసరీ' తెరవండి. ఒక్కో పదాన్ని శాస్త్రవేత్తలే నోటితో వివరిస్తారు. నేనైతే కూర తరిగేటప్పుడు పక్కన పెట్టించి వినిపించేదాన్ని, నాకూ నాలుగు ముక్కలు వచ్చాయి.

7. రోజువారీ డేటా ప్యాకు చాలావాటికి అర్ధరాత్రి 12కి మారిపోతుంది, మిగిలింది గాలికి పోయినట్టే. పడుకునే ముందు ఆ మిగులుతో మర్నాటి వీడియోలు, పీడీఎఫ్‌లు దింపి పెట్టుకుంటే నెలలో అదనపు టాప్-అప్ వేయించే పని ఉండదు.

8. బోర్డు మీద రాసే పాఠాలకు 360 క్వాలిటీ చాలు. యానిమేషన్లకు మాత్రమే పెంచండి, డేటా బోలెడు ఆదా.

9. పాఠం వినేటప్పుడు వేగం 1.25 పెట్టుకోవచ్చు. లెక్క చేసే చోట మాత్రం వీడియో ఆపించి, పిల్లే కాగితం మీద చేశాక మళ్లీ నడిపించండి. ఊరికే చూస్తూ ఉంటే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, పరీక్షలో చెయ్యి కదలదు.

10. యూట్యూబ్ సబ్‌టైటిళ్లను తెలుగులోకి మార్చుకునే వీలుంది కానీ, శాస్త్రం మాటలు వచ్చేసరికి అది ఏదేదో రాస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలే పెట్టుకుని వింటే చెవికీ కంటికీ ఒకేసారి పని.

11. బొమ్మలతో నవ్విస్తూ చెప్పేది కావాలంటే 'అమీబా సిస్టర్స్' ఛానెల్. మోనోహైబ్రిడ్, డైహైబ్రిడ్, సెక్స్ లింక్డ్ క్రాసులు మూడూ చిన్న వీడియోల్లో అయిపోతాయి.

12. ఖాన్ అకాడమీలో తిరగేసి వెళ్లండి: ముందు ప్రశ్నలు చేయించండి, తప్పు పోయిన చోటి వీడియో మాత్రమే చూపించండి. వచ్చిందాన్నే మళ్లీ వినే గంటలు మిగులుతాయి.

13. 3:1 నిష్పత్తి నెత్తికెక్కకపోతే రెండు రూపాయి బిళ్లలు ఇచ్చి ఎగరేయమనండి. బొమ్మ పడితే పెద్ద 'టీ', బొరుసు పడితే చిన్న 'టీ'. వందసార్లు రాసుకుంటే పొడుగు మొక్కలు డెబ్భై ఐదుకు అటూ ఇటూ వస్తాయి. పది సార్లకే ఆపితే రాదు, ఆ రాకపోవడమే అసలు పాఠం.

14. నాలుక మడత పెట్టడం ఒక్క జన్యువు పని అని చెప్పే వీడియోలు ఇంకా వందలున్నాయి, వాటిని నోట్సులో ఎక్కించుకోకండి. 1940లో ఆ మాట చెప్పింది స్టర్టెవంట్ అనే మహా శాస్త్రవేత్తే. తర్వాత ఒకేలాంటి కవలల్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం బయటపడేసరికి, ఆయనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. డెలావేర్ యూనివర్సిటీ వాళ్ల 'మిత్స్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్' పేజీలు చదివిస్తే చెవి తమ్మె, బుగ్గ సొట్ట, బొటనవేలు వంపు అన్నిటి సంగతీ తేలిపోతుంది.

15. ఇంట్లోవాళ్లతో లెక్క నేర్పాలంటే బ్లడ్ గ్రూపులు పట్టుకోండి, అవి నికరం. అమ్మది ఏ, నాన్నది బీ అయితే పిల్లలకు నాలుగు గ్రూపుల్లో ఏదైనా రావచ్చని పిల్ల చేతే గీయించండి.

16. గ్రూపుల లెక్క ఎక్కడైనా పొసగకపోతే ఇంట్లో కొత్త గొడవలు తెచ్చుకోకండి తల్లీ! ముందు రిపోర్టు సరిచూసుకోండి. 1952లో బొంబాయిలో గుర్తించిన 'బాంబే బ్లడ్ గ్రూప్' అనేది ఒకటుంది, అది ఉన్నవాళ్లు మామూలు పరీక్షలో 'ఓ' లాగే కనిపిస్తారు. పోటీ పరీక్షల వాళ్లకి ఎంతో ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే.

17. పెడిగ్రీ చార్టు నేర్చుకోవడానికి మన బంధువర్గాన్ని మించిన పుస్తకం లేదు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం, లక్షణం ఉన్నవాళ్లకు లోపల నలుపు, రక్తసంబంధంలో పెళ్లికి రెండు గీతలు. మేనరికాలున్న మన కుటుంబాల్లో ఆ రెండు గీతలు గీసే అవకాశం బాగానే దొరుకుతుంది, రెసెసివ్ జబ్బులు అలాంటి చోట ఎందుకు బయటపడతాయో బొమ్మలోనే కనిపిస్తుంది.

18. డీఎన్ఏని కళ్లారా చూడాలంటే యూటా యూనివర్సిటీ వాళ్ల 'లెర్న్ జెనెటిక్స్' సైటులో వంటింటి పద్ధతి ఉంది. అరకప్పు బఠాణీలు, చిటికెడు ఉప్పు, కప్పు చల్లటి నీళ్లు మిక్సీలో పదిహేను సెకన్లు తిప్పి వడకట్టండి. అందులో రెండు టేబుల్ స్పూన్ల గిన్నెలు తోమే లిక్విడ్ నెమ్మదిగా కలిపి ఐదు పది నిమిషాలు వదిలేయండి. గ్లాసులో మూడో వంతు పోసుకుని, కాస్త పైనాపిల్ రసం వేసి మెల్లగా తిప్పండి. ఇప్పుడు గ్లాసు వంచి, ఫ్రిజ్‌లో పెట్టిన సర్జికల్ స్పిరిట్‌ని అంచు వెంట సన్నగా జార్చండి. కింద పచ్చనీళ్లు, పైన తేట స్పిరిట్. ఆ రెండిటి మధ్య నుంచి తెల్లటి దారపు పోగుల్లాంటిది పైకి లేస్తుంది, అదే. గరిటెతో గట్టిగా కలిపారో పోగులు తెగిపోతాయి.

19. పై పని పొయ్యి వెలుగుతుండగా చేయకండి, స్పిరిట్ భగ్గున అంటుకుంటుంది. మిక్సీ జారుని తర్వాత వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే చాలు, మామూలుగానే వాడుకోవచ్చు.

20. అదే సైటులో పీసీఆర్, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ వర్చువల్ ల్యాబులున్నాయి. మౌస్‌తో పిపెట్ పట్టుకుని ఒక్కో మెట్టూ పిల్లే చేస్తుంది. కాలేజీలో ఒక్క మెషిన్ చుట్టూ అందరూ మూగి చూసిన దానికంటే ఇది నయం.

21. ప్రాక్టికల్ రికార్డు రాసే ముందు మన దేశపు 'ఓల్యాబ్స్'లో ఉల్లిపాయ వేరు కొన ప్రయోగం ఒకసారి చూపించండి. మైటాసిస్ దశలు గుర్తుపట్టి బొమ్మ వేస్తే కొట్టివేతలుండవు, పేజీలు మిగులుతాయి.

22. డిగ్రీ వాళ్లకు అమృత విశ్వవిద్యాపీఠం వర్చువల్ ల్యాబ్స్. వైవాకి ముందురోజు చాలు.

23. కొలరాడో యూనివర్సిటీ 'ఫెట్' సైటులో కుందేళ్ల ఆట ఉంది. తెల్ల కుందేళ్లలోకి గోధుమరంగు జన్యువు వదిలి, తర్వాత తోడేళ్లను వదిలి చూడమనండి. ఆటలాగే ఉంటుంది, ప్రకృతివరణం వచ్చేస్తుంది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది.

24. మెండెల్ 1866లో అచ్చువేసిన పరిశోధన పత్రానికి ఇంగ్లిష్ అనువాదం 'మెండెల్‌వెబ్'లో ఉచితం. మొత్తం చదవక్కర్లేదు, గింజల లెక్కలు మాత్రం తీసుకోండి: గుండ్రనివి 5474, ముడతలవి 1850. గైడ్లలో ఊరికే 3:1 అని చదివిన పిల్లకి అసలు వచ్చింది 2.96:1 అని తెలిస్తే చాలు, కై-స్క్వేర్ ఎందుకో అడగకుండానే అర్థమవుతుంది.

25. ఆ కై-స్క్వేర్‌కి క్యాలిక్యులేటర్ నొక్కుళ్లు ఎందుకు, గూగుల్ షీట్స్ వాడండి. ఒక వరసలో మెండెల్ డైహైబ్రిడ్ లెక్కలు 315, 108, 101, 32; రెండో వరసలో రావలసినవి 312.75, 104.25, 104.25, 34.75. జవాబు 0.47 వస్తుంది. మూడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి హద్దు 7.815 కాబట్టి 9:3:3:1 నిలబడినట్టే. షీటు ఒక్కసారి తయారైతే డిగ్రీ మూడేళ్లూ అదే పనికొస్తుంది, అంకెలు మార్చుకోవడమే.

26. ఎవరు ఏది కనిపెట్టారు అన్నది వరసగా కావాలంటే న్యూయార్క్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వాళ్ల 'డీఎన్ఏ ఫ్రమ్ ద బిగినింగ్'. యానిమేషన్, ఫోటోలు, చివర్లో చిన్న ప్రశ్న. పాతకాలపు సైటులా ఉంటుంది, చూసి మొహం తిప్పుకోకండి.

27. ఖొరానా గారి జెనెటిక్ కోడ్ పని చదివేటప్పుడు నోబెల్ ప్రైజ్ సైటు తెరిస్తే 1968 బహుమతి ఉపన్యాసం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. సెమినార్‌కి ఇంతకంటే గట్టి ఆధారం ఇంకేం కావాలి!

28. వేల రూపాయల ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ బదులు రైస్ యూనివర్సిటీ 'ఓపెన్‌స్టాక్స్' వాళ్ల బయాలజీ పీడీఎఫ్ దింపుకోండి. పుస్తకమంతా ప్రింటు తీయించొద్దు, జెనెటిక్స్ యూనిట్ ఒక్కటే తీయించండి.

29. గ్రిఫిత్స్ జెనెటిక్స్, ఆల్బర్ట్స్ సెల్ బయాలజీ లాంటి పెద్ద పుస్తకాల పాత ఎడిషన్లు 'ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్'లో ఉన్నాయి. పేజీలు వరసగా తిప్పనివ్వదు, పదం కొట్టి వెతికితేనే ఆ భాగం తెరుచుకుంటుంది. మెండెల్, లింకేజ్, ఓపెరాన్ లాంటి పాత విషయాలకు పాత ఎడిషన్ అయినా ఇబ్బంది లేదు. జీనోమ్ సీక్వెన్సింగ్ మాత్రం కొత్తవాటిలోనే చదవాలి.

30. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైటు 'స్వయం'లో చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. ముందు పాఠాలు విని, నచ్చితేనే కట్టండి.

31. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ కాన్పూర్ వారి 'హ్యూమన్ మాలిక్యులర్ జెనెటిక్స్' డిగ్రీ చివరి ఏడాది వాళ్లకు బాగా అతుకుతుంది. పాఠం రాతలో కూడా దొరుకుతుంది కాబట్టి నోట్సు రాసే శ్రమ సగం తగ్గుతుంది.

32. స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవడానికి యూజీసీ 40 శాతం దాకా వీలిచ్చింది. అయితే మీ కాలేజీ ఏ కోర్సుని ఒప్పుకుంటుందో చేరకముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత అడిగితే ఆఫీసు చుట్టూ తిరగడమే.

33. ఎమ్మెస్సీ వాళ్లకు 'ఈ-పీజీ పాఠశాల'. పరీక్షకి ముందు సిలబస్ ప్రకారం చిన్న చిన్న నోట్సు కావాలంటే ఇదే దగ్గరి దారి.

34. ఎంఐటీ వాళ్ల ఓపెన్ కోర్స్‌వేర్‌లో జెనెటిక్స్ కోర్సు ప్రశ్నపత్రాలు జవాబులతో సహా పెట్టారు. ఇంటర్ పిల్లలకు ఇవి వద్దు, బెంబేలెత్తిపోతారు. సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసేవాళ్లకు మాత్రం బంగారమే.

ఇక అసలు చిట్కాకి వస్తున్నా. డిగ్రీ పిల్లలు డేటాబేసుల పేర్లు బట్టీ పట్టి ఒక్కటీ తెరిచి చూడరు. ఒకే ఒక్క జన్యువు తీసుకుని అన్ని సైట్లూ తిప్పండి. నేనైతే సికిల్ సెల్ జబ్బు తెచ్చే హెచ్‌బీబీ జన్యువునే తీసుకోమంటాను. మన ఏజెన్సీ గ్రామాల్లో ఉన్న జబ్బు, దాన్ని 2047 నాటికి లేకుండా చేయాలని 2023 జులైలో కేంద్రం జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టింది. పిల్లకి చదువూ అవుతుంది, లోకజ్ఞానమూ అవుతుంది.

35. మొదట 'ఓమిమ్' తెరవండి. జాన్స్ హాప్కిన్స్‌లో మెకూసిక్ గారు 1966లో పుస్తకంగా మొదలుపెట్టిన జన్యువ్యాధుల జాబితా ఇది. నంబరు ముందు నక్షత్రం గుర్తుంటే జన్యువు, హాష్ గుర్తుంటే జబ్బు. ఈ ఒక్క ముక్క తెలిస్తే తికమక ఉండదు.

36. తర్వాత 'యూనిప్రాట్'లో అదే పేరు కొట్టి ప్రొటీన్ వరస చూడండి. ఇక్కడ ఒక మెలిక: పాఠ్యపుస్తకం ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ అంటుంది, సైట్లు ఏడో స్థానం అంటాయి. రెండూ ఒప్పే. మొదట వచ్చి తర్వాత ఊడిపోయే మెథియోనిన్‌ని సైట్లు కూడా లెక్కపెడతాయి. ఇది తెలియక పిల్లలు పుస్తకంలో తప్పుందని గంటలు గంటలు కొట్టుకుంటారు. పరీక్షలో మాత్రం ఆరే రాయమనండి. డీఎన్ఏలో జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది, మారేది ఒక్క అక్షరం.

37. యూనిప్రాట్‌లోని వరసని కాపీ చేసి 'బ్లాస్ట్'లో వేసి, చింపాంజీతో పోల్చమనండి. బీటా గ్లోబిన్ ఒక్క అమైనో ఆమ్లం కూడా తేడా లేకుండా సరిపోతుంది. పరిణామం మీద ఎంత చదివినా రాని నమ్మకం రెండు నిమిషాల్లో వస్తుంది.

38. ఆకారం చూడాలంటే 'పీడీబీ-101'. నెలకో అణువు గురించి రంగుల బొమ్మలతో పాఠాలుంటాయి, హీమోగ్లోబిన్ కూడా ఉంది. కాగితం మడిచి డీఎన్ఏ చేసుకునే షీటు అక్కడే ఉచితం, సైన్స్ ఫేర్‌కి థర్మోకోల్ ఖర్చు తప్పుతుంది.

39. చివరికి హెచ్‌హెచ్‌ఎంఐ 'బయోఇంటరాక్టివ్'లో సికిల్ సెల్, మలేరియా మీదున్న చిన్న సినిమా వేయండి. మలేరియా ఉన్న చోటే ఈ జన్యువు ఎందుకు నిలిచిందో తూర్పు ఆఫ్రికాలో ఆలిసన్ అనే శాస్త్రవేత్త ఎలా పట్టుకున్నాడో చూపిస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.

40. ప్రాజెక్టు కోసం పరిశోధన పత్రాలు వెతికేటప్పుడు పబ్‌మెడ్‌లో 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' గడిలో టిక్కు పెట్టండి. డబ్బు అడిగేవి అసలు కనిపించవు.

41. నెట్ లైఫ్ సైన్సెస్‌లో జెనెటిక్స్ అంతా ప్రధానంగా యూనిట్ 8 'ఇన్‌హెరిటెన్స్ బయాలజీ'లో ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు అధికారిక సైట్లలో ఊరికే దొరుకుతుంటే గైడు ఎందుకు కొంటారు?

42. సిండ్రోములు, క్రోమోజోము నంబర్లు గుర్తుండకపోతే 'ఆంకీ' కార్డులు చేసుకోమనండి. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం. ఐఫోన్‌లో డబ్బులడుగుతుంది, కాబట్టి ఆ పని నాన్నగారి ఆండ్రాయిడ్‌లో కానిచ్చేయండి.

43. ఏఐ చాట్ యాప్‌లను ప్రశ్నలు తయారు చేయడానికి వాడుకోండి, జవాబులు దిద్దడానికి కాదు. ముఖ్యంగా పెడిగ్రీ బొమ్మల దగ్గర ధీమాగా తప్పు చెబుతాయి. పన్నెట్ స్క్వేర్ గీసి సరిచూసుకున్నాకే నమ్మాలి.

44. జిరాక్స్ షాపులో ఒక కాగితానికి రెండు పేజీల చొప్పున, రెండువైపులా, నలుపు తెలుపులో తీయమనండి. క్రోమోజోముల రంగు బొమ్మలు ఫోన్‌లో చూసుకుంటే చాలు, ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది.

45. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సెప్టెంబర్ 26 దగ్గర పడుతుంటే సీసీఎంబీ సైటు మీద కన్నేసి ఉంచండి. అది సీఎస్ఐఆర్ స్థాపన దినం, ఆ రోజుల్లో ఓపెన్ డే పెడుతుంటారు. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ని మన దేశంలో నిలబెట్టిన లాల్జీ సింగ్ గారు పనిచేసిన చోటు, పిల్లలకు తప్పక చూపించండి.

46. చదువు కోసమంటూ ఉమ్మి పంపించే డీఎన్ఏ టెస్టు కిట్లు కొనొద్దు. పాఠానికి పైసా లాభం లేదు, పైగా మన వివరాలు ఊరివాళ్ల చేతిలో పెట్టినట్టు. ఇంట్లో నిజంగా జబ్బు అనుమానం ఉంటే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికే వెళ్లండి.

47. ఇన్ని చెప్పాక కూడా కోచింగ్ యాప్ కావాల్సిందే అంటే, ఏడాది ప్యాకేజీ మాత్రం కట్టకండి. 1, 12, 25 నంబర్లు ఒక నెల వరసగా చేయించి, అదే పిల్లని మళ్లీ అడగండి. మా వీధిలో ఆ తర్వాత కొనిపెట్టమన్నవాళ్లు తక్కువే.